దుబాసీ జీతం

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వెళ్లే లోకల్ రైల్లో పొద్దుటిపూట తెలుగు చెవినపడటం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ విజయనగరం, శ్రీకాకుళం వైపు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో వేళ్లూనుకున్నాయి. సరోనా, కుమ్హారీ, భిలాయ్-3 దాటి పవర్‌హౌస్ స్టేషన్ వచ్చేసరికి పెట్టె కాస్త ఖాళీ అవుతుంది. దిగినవాళ్లలో ఎవరో ఒకరు ఆటోవాడితో ‘రష్యన్ కాంప్లెక్స్’ అంటారు. అతను తలూపి బండి తిప్పుతాడు. సెక్టార్ 7లో ఆ పేరున్న చోట ఇప్పుడు రష్యన్లు ఉన్నారా, ఉంటే ఎందరు, అన్న ప్రశ్న ఎక్కేవాడికీ రాదు, ఎక్కించుకునేవాడికీ రాదు. గాంధీ చౌక్, స్టేషన్ రోడ్ లాంటిదే అదీనూ. కానీ ఈ పంక్తులు రాసే మనిషికి మాత్రం ఆ పేరు పంటి సందులో ఇరుక్కున్న పీచులా తగులుతూనే ఉంది. పరాయి దేశం నుంచి వందలమందిని పనికి పిలిపించుకుని, వాళ్లకు ఇళ్లు కట్టించి, తిండీ తిప్పలూ చూసి, పని నేర్చుకుని, సాగనంపిన చోటిది. ఆ సర్దుబాటంతా ఎవరు చేశారు? పేర్లు రాసిన శిలాఫలకాల మీద వాళ్లు కనిపించరే!

ఇప్పుడైతే రాయ్‌పూర్ శివార్లలో సిల్తరాలోనో ఉర్లాలోనో ఒక కంపెనీ విదేశీ ఇంజినీరును తెచ్చుకోవాలంటే ముందుగా వీసా కాగితాలతో కుస్తీ పట్టాలి. ఎంప్లాయ్‌మెంట్ వీసాకు కనీస జీతం నియమం ఉంది. మొదట ఏడాదికి 25,000 డాలర్లన్నారు, తర్వాత దాన్ని 16.25 లక్షల రూపాయలుగా రాసుకున్నారు. ఇక్కడివాళ్లు చేయగలిగిన పనికి పైవాళ్లను చవగ్గా తెచ్చుకోకుండా వేసిన కంచె అది. ఆరు నెలలకు మించి ఉండే వీసా మీద వస్తే 14 రోజుల్లో పేరు నమోదు చేయించుకోవాలి. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. అసలు రుచి మినహాయింపుల దగ్గర ఉంది. కనీస జీతం నియమం వర్తించని కొద్దిమందిలో ఒకడు తన దేశపు వంట చేసే వంటవాడు. ఇంకొకడు ఇంగ్లీషు కాకుండా వేరే భాష నేర్పే గురువు, లేదా అనువాదకుడు. ఆ ఇద్దరికీ 16.25 లక్షలకన్నా తక్కువిచ్చినా సర్కారుకి అభ్యంతరం లేదు.

ప్రభుత్వ కాగితాలకు అప్పుడప్పుడు తమకు తెలియకుండానే లోకజ్ఞానం అబ్బుతుంది. పరాయి మనిషి ఒక ఊళ్లో నిలదొక్కుకోవాలంటే తిండి కావాలి, మాట కావాలి. రెండూ నాలుకకు సంబంధించినవే. ఆ రెండింటినీ చూసుకునేవాళ్లు లేకపోతే కోట్ల యంత్రమూ దాన్ని నడిపే నిపుణుడూ బిక్కుబిక్కుమంటూ కూర్చోవలసిందేనని ఆ నియమం రాసిన గుమాస్తాకు తోచిందేమో. తోచినా, వాళ్ల జీతానికి అడుగు హద్దు అక్కర్లేదని కూడా అదే కాగితం చెబుతోంది కదా! అవసరమని ఒప్పుకుంటూనే విలువ తగ్గించడం ఎలాంటి లెక్క? ఈ లెక్క ఇవాళ్టిది కాదని భిలాయ్ చూస్తే అనిపిస్తుంది.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు పది లక్షల టన్నుల ఉక్కు కర్మాగారానికి ఒప్పందం చేసుకున్నాయి. రెండున్నర శాతం వడ్డీకి అప్పు, పన్నెండు వార్షిక వాయిదాల్లో తీర్చేట్టు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అంతకు ముందురోజే ఆయన జర్మన్ల సాయంతో లేచిన రూర్కెలాలో అదే పని చేసి వచ్చారు. ఆ నాలుగేళ్లలో రాయ్‌పూర్‌కు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, వరి మళ్ల మధ్య, సోవియట్ నిపుణులు వందల్లో దిగారు. వాళ్ల పెద్ద వెనియామిన్ డిమ్‌షిట్స్. అంతకుముందు మాగ్నిటోగోర్స్క్ ఉక్కు కర్మాగారం కట్టడంలో పనిచేసినవాడు, ఆ తర్వాత సోవియట్ ఉప ప్రధాని స్థాయికి ఎదిగినవాడు. మంచు ప్రాంతాల్లో ఉక్కు పోసినవాళ్లు ఛత్తీస్‌గఢ్ మే నెలలోకి వచ్చిపడ్డారు. 45 డిగ్రీల ఎండలో, అదీ కొలిమి పక్కన.

వచ్చినవాళ్లందరినీ ఊరు ‘రష్యన్లు’ అంది. వాళ్లలో ఉక్రేనియన్లున్నారు, యూదులున్నారు, ఇంకా ఎవరెవరో. డిమ్‌షిట్సే యూదుడు. అటు నుంచి చూస్తే ఇక్కడ పనిచేసే తెలుగువాడూ, మలయాళీ, బెంగాలీ, పంజాబీ అందరూ ‘ఇండియన్లే’. ఇరువైపులా ఒకే రకం చూపు మందం. అయినా పని ఆగలేదంటే ఆశ్చర్యం వేస్తుంది. బహుశా మొదటి రోజుల్లో ఆ మందమే మేలు చేసిందేమో. ఎదుటివాడి లోపల ఎన్ని పొరలున్నాయో అప్పుడే తెలిస్తే కాలూ చెయ్యీ ఆడేవి కావు.

పిలుపుల సంగతి తీసుకోండి. రష్యన్లు పెద్దవాళ్లను ఇంటిపేరు పెట్టి పిలవరు, ‘సార్’ అనరు. సొంత పేరు, వెంటనే తండ్రి పేరు కలిపి అంటారు. డిమ్‌షిట్స్ తన సహోద్యోగులకు వెనియామిన్ ఎమ్మాన్యుయిలోవిచ్. మన వైపు ‘సాబ్’ లేనిదే వాక్యం మొదలవ్వదు, ‘గారు’ లేనిదే పేరు పూర్తవ్వదు. ఎదుట నిలబడి పేరు పెట్టి పిలవడం ఒకరికి మర్యాద, ఇంకొకరికి పొగరు. ఫర్నేస్ పక్కన నిలబడి రెండు భాషల్లో ఈ ముడి విప్పాల్సింది ఎవరు? మళ్లీ ఇంటర్‌ప్రెటరే. లోహం ఉష్ణోగ్రత గురించి చెప్పినంత కచ్చితంగా కోపం ఉష్ణోగ్రత గురించి చెప్పకుండా ఉండటం అతని అసలు నేర్పు. నిపుణుడు విసుక్కుంటే విసుగును వడగట్టి విషయాన్ని మాత్రమే అటు పంపాలి. ఫోర్‌మన్ ‘అవుతుంది సాబ్’ అన్నప్పుడు అందులో ఎంత అవుతుందో, ఎంత కాదో కనిపెట్టి ఇటు పంపాలి. అలాంటివాళ్లు వడగట్టి పారేసిందెంతో ఎవరూ కొలవలేదు.

భిలాయ్ బాగా సాగిందనీ, రూర్కెలా సరిగా సాగలేదనీ ఒక పాత కథనం ఉంది. సోవియట్ నిపుణులు కూలీల పక్కన నిలబడి చేతులు మసి చేసుకున్నారట, జర్మన్లు దూరం పాటించారట. సోవియట్ స్నేహం పొంగిపొర్లిన రోజుల్లో ఇది బాగా చెలామణీ అయింది. దీన్ని అలాగే మింగడానికి మనసొప్పదు. రూర్కెలాలో జర్మన్ల సామాజిక కేంద్రాన్ని నడిపిన యాన్ బోడో స్పెర్లింగ్ తర్వాత ఆ అనుభవం మీద ఒక పుస్తకమే రాశాడు. 1969లో కార్నెల్ విశ్వవిద్యాలయం దాన్ని ఇంగ్లీషులో వేసింది. తన దేశస్థుల్ని వెనకేసుకురాకుండా, వాళ్లు ఎలా ఎంపికయ్యారో, ఏ తయారీతో వచ్చారో, కొత్త ఊళ్లో ఎలా మసిలారో పరిశీలించిన పుస్తకమది. బిగించాల్సిన బోల్టు గురించి బాగా తెలిసినవాడికి ఎక్కడ బిగిస్తున్నాడో తెలియకపోతే ఏమవుతుందో అందులో కనిపిస్తుంది.

అయితే తప్పంతా సంస్కృతి నెత్తిన రుద్దేముందు ఒప్పందాల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. భిలాయ్‌లో అవతలి పక్షం ఒక్కటే, సోవియట్ ప్రభుత్వం. మాటకు ఒక్కడే జవాబుదారీ. రూర్కెలాలో పదుల సంఖ్యలో జర్మన్ కంపెనీలు, ఎవరి కాంట్రాక్టు వాళ్లది, ఎవరి తొందర వాళ్లది. బ్రిటిష్‌వాళ్లు దుర్గాపూర్‌లో పదమూడు కంపెనీల కూటమిగా వచ్చారు. ఒకడు చేయాల్సిన పని ఆలస్యమైతే ఇంకొకడు తిట్టుకునే ఏర్పాటులో ఎంత మంచివాడైనా చిరాకుపడతాడు. దాన్ని చూసి ‘జర్మన్ స్వభావం’ అనుకుంటాం. ఇక సోవియట్ పౌరుడు పరాయి దేశంలో అడుగు తీసి అడుగేయాలంటే తన ప్రభుత్వం అనుమతి ఉండాలి. అతని మర్యాదలో ఎంత సౌజన్యమో, ఎంత భయమో ఎవరికి తెలుసు? సగం సందర్భాల్లో సంస్కృతి తేడా అని మనం పేరుపెట్టేది కాంట్రాక్టులోని ఏదో ఒక క్లాజేనని అనుమానం.

సగమే. మిగతా సగం నిజంగానే ఉంది.

దాన్ని తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కంపెనీ దొరల కాలంలో మన వైపు ఆ సగాన్ని మోసినవాడు దుబాసీ. కల్నల్ కాలిన్ మెకంజీకి తెలుగు రాదు, సంస్కృతం రాదు. అయినా దక్షిణ దేశపు కైఫీయత్తులన్నీ, అంటే ఊళ్ల పాత సంగతుల రాతలన్నీ, ఆయన పేరు మీదే ఉన్నాయి. వాటి వెనక ఏలూరు వైపు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, అతని తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి ఉన్నారు. బొర్రయ్య 1803లో, పడుచు వయసులోనే పోయాడు. అతని పరిచయం వల్లే ఈ దేశపు జ్ఞానానికి వాకిలి తెరుచుకుందని మెకంజీ తర్వాత రాసుకున్నాడు. అంత మాట అన్న యజమాని దొరకడం అరుదే. సంకలనం పేరు మాత్రం మెకంజీదే.

భిలాయ్‌కి సోవియట్‌వాళ్లు వచ్చిన రోజుల్లోనే అటువైపూ ఒక చిన్న నియామకాల పరంపర నడిచింది. మాస్కోలో పుస్తకాలు తెలుగులో అచ్చవ్వాలంటే తెలుగువాళ్లే కావాలి. 1950ల చివర్లో ఉప్పల లక్ష్మణరావు అలా వెళ్లాడు. బరంపురంలో పుట్టి, యూరప్‌లో వృక్షశాస్త్రం చదివి, స్విస్ యువతిని పెళ్లాడి, ‘అతడు-ఆమె’ నవల రాసిన మనిషి. 1970ల మొదటి సగంలో కడప జిల్లా నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి వెళ్లాడు. రారాగా విమర్శలో నిప్పులు చెరిగినవాడు అక్కడ నెలజీతానికి అనువాదాలు చేశాడు. ఆ పుస్తకాలే విశాలాంధ్ర అంగళ్లలో చవకధరకు దొరికి, రెండు తరాల తెలుగు పిల్లలకు బాబా యాగా అనే మంత్రగత్తెనీ, మంచులో నడిచే స్లెడ్జి బండినీ పరిచయం చేశాయి. అంటే భిలాయ్‌లో ఉక్కు పోస్తున్న మనిషి ఏ కథలు వింటూ పెరిగాడో విజయవాడ పిల్లాడికి తెలుసు. ఆ మనిషి పక్కన పనిచేసే ఫోర్‌మన్‌కు తెలుసో లేదో!

తర్వాతి వంతు విశాఖపట్నానిది. 1979 జూన్‌లో సోవియట్‌తో ఒప్పందం కుదిరింది. పని నత్తనడకన సాగింది. సోవియట్ నిపుణులు మళ్లీ వచ్చారు, ఈసారి సముద్రపు ఉక్కపోతలోకి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌కు గోదావరి అనీ రెండోదానికి కృష్ణ అనీ పేర్లు పెట్టారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి, ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశం లేదు. సోవియట్ యూనియన్ అప్పటికి ఏడు నెలల కిందటే రద్దయిపోయింది. వచ్చేటప్పుడు సోవియట్ పౌరుడైనవాడు ఇప్పుడు రష్యావాడో ఉక్రెయిన్‌వాడో తేల్చుకోవాలి. ఇలాంటి ఉద్యోగికి ఏ శిక్షణ తరగతి ఇచ్చి ఉండాలి? పరాయివాళ్ల సంస్కృతి ఇదీ అని పట్టిక గీసి చేతికిచ్చే సలహాదారులకు ఈ ప్రశ్న వేయాలనిపిస్తుంది. మనుషుల సంగతి అటుంచితే, దేశాలే నిలకడగా కూర్చోవు.

కొంచెం తేలిక సంగతి ఒకటి. నవ రాయ్‌పూర్‌లోని వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో 2013లో ఢిల్లీ డేర్‌డెవిల్స్ జట్టు తన సొంత మ్యాచ్‌లు కొన్ని ఆడింది. ఆ జట్టులో డేవిడ్ వార్నర్ ఉన్నాడు. రాయ్‌పూర్ చప్పట్లు కొట్టి పంపేసింది. మరుసటి ఏడు అతను హైదరాబాద్ జట్టుకొచ్చాడు, 2016లో కప్పు గెలిపించాడు, 2020 లాక్‌డౌన్‌లో భార్యాపిల్లలతో కలిసి ‘బుట్టబొమ్మ’కు చిందేశాడు. 2021లో ఫ్రాంచైజీ కెప్టెన్సీ తీసేసింది, తర్వాత వదులుకుంది కూడా. తెలుగు ప్రేక్షకుడు మాత్రం వదులుకోలేదు. అతన్ని సినిమాలోకీ తీసుకొచ్చాడు. ఐపీఎల్ అంటే ఏటా జరిగే అంతర్జాతీయ ఉద్యోగ మేళాయే. జట్టు యాజమాన్యం ఇచ్చింది జీతం, మిగతాదంతా వీధి ఇచ్చింది. ఢిల్లీ పేరుతో రాయ్‌పూర్‌లో ఆడే జట్టుకు వీధి ఏదీ?

తేలిక కానిది కోర్బాలో ఉంది. రాయ్‌పూర్‌కు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని ఈ బొగ్గు పట్నం బాల్కో అల్యూమినియం కోసం మొదట హంగేరీవాళ్లనూ సోవియట్‌వాళ్లనూ చూసింది. ఆ తర్వాతి తరంలో విద్యుత్ కేంద్రం కట్టడానికి చైనా సంస్థ సెప్‌కో వచ్చింది. 2009 సెప్టెంబర్ 23న అక్కడ కడుతున్న చిమ్నీ కూలిపోయి 40 మందికి తక్కువ కాకుండా కార్మికులు చనిపోయారు. పైన కంపెనీ, దాని కింద చైనా కాంట్రాక్టర్, ఆ కింద దేశీ సబ్‌కాంట్రాక్టర్, అట్టడుగున బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. ఆ రోజుల్లోనే దేశమంతటా బిజినెస్ వీసాల మీద వచ్చి ప్రాజెక్టుల్లో పనిచేసే విదేశీయుల గురించి గొడవ రేగి, నిబంధనలు బిగిశాయి. కనీస జీతం నియమం ఆ బిగింపు కాలానిదే. చిమ్నీ ఎందుకు కూలిందన్నది కాంక్రీటు, పర్యవేక్షణల ప్రశ్న. భాషల తేడా వల్ల కూలిందని చెప్పడం చనిపోయినవాళ్లను రెండోసారి అవమానించడమే. అయినా ఒక సందేహం మాత్రం పోదు. పైనుంచి కిందికి అన్ని అంతస్తులున్నచోట, ‘ఇది సరిగా లేదు’ అన్న మాట కిందినుంచి పైకి వెళ్లే దారి ఉందా? ఉంటే దాన్ని ఏ భాషలో చెప్పాలి, ఎవరు మోసుకెళ్లాలి?

ఇక్కడికొచ్చేసరికి భిలాయ్ కథ ఇంకోలా కనపడటం మొదలవుతుంది. రష్యన్‌కు ఇల్లుంది, అతని భాష తెలిసినవాడున్నాడు. కేరళవాడికీ పంజాబీకీ తెలుగువాడికీ క్వార్టర్లున్నాయి. కొన్నాళ్లకు సెక్టార్ 5లో బాలాజీ గుడి వచ్చింది, తెలుగువాళ్లకు సాహిత్య సమితి వచ్చింది. మినీ ఇండియా అని ఆ ఊరు మురిసిపోయింది. మరి ఆ వరి మళ్లు ఎవరివో ఆ ఛత్తీస్‌గఢీ రైతుకు ఈ కర్మాగారం గురించి వివరించి చెప్పే దుబాసీ ఎవరు? 1990ల నుంచి భిలాయ్‌ను దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఒక సంగతి రాశాడు. తొలి రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో నరబలి పుకార్లు పాకాయి. కర్మాగారం నిలబడాలంటే మనుషుల్ని బలివ్వాలని, అందుకోసం ఎత్తుకుపోతున్నారని జనం భయపడ్డారు. స్థానికులు చాలామంది ఆ ఉద్యోగాలకు మొదట్లో మొగ్గు చూపలేదు. బయటినుంచి వచ్చినవాళ్లు దీనికి పెట్టిన పేరు సోమరితనం.

సంస్కృతి తేడా అంటే ఇదిగో, ఇదే కదా. యంత్రాన్ని చూసి ఒకడికి భవిష్యత్తు తోచింది, ఇంకొకడికి బలిపీఠం తోచింది. పైగా ఆ రెండోవాడి భయం పూర్తిగా వెర్రిదీ కాదు. అంత పెద్ద నిర్మాణాల్లో మనుషులు నిజంగానే చనిపోతారు, ఎవరు పోయారో పల్లెకు సరిగ్గా కబురందదు. వేల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినవాడి తేడాను అర్థం చేసుకోవడానికి రెండు ప్రభుత్వాలు పూనుకున్నాయి. కంచె అవతల ఉన్నవాడి తేడాకు తరగతి గది లేదు, ఇంటర్‌ప్రెటర్ లేడు, సోమరి అన్న బిరుదు మాత్రం దొరికింది. ఖరీదైనవాడి భాషను మాత్రమే సంస్కృతి అంటామా అన్న అనుమానం ఇక్కడే బలపడుతుంది. 1972లో స్నేహానికి గుర్తుగా భిలాయ్‌లో మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాల పెట్టారు. అది సోవియట్ మైత్రికి. పక్క పల్లెలతో మైత్రికి అలాంటి బాగ్ ఏదీ లేదు. ఛత్తీస్‌గఢీకి రాజభాష హోదా 2007లో గానీ రాలేదు, అదీ రాష్ట్రం ఏర్పడ్డ ఏడేళ్లకు.

ఇప్పుడు రివాజు మారుతోంది, కనీసం ఒక దిక్కున. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది. వార్డులో ముసలాయన ‘నొప్పి’ అంటే అర్థం కావాలి కాబట్టి నెలల తరబడి పాఠాలు, పరీక్షలు. భాషతోపాటు అక్కడి ఆసుపత్రి అలవాట్లు కూడా చెబుతారు. మంచిదే, దుబాసీని వచ్చినవాడి గొంతులోనే పెట్టి పంపడమన్నమాట. అయితే ఇక్కడ కూడా మారాల్సింది వెళ్లేవాళ్లేనని ముందే నిర్ణయమైపోయింది. జర్మన్ వార్డులో పాతవాళ్లకు తెలుగు పాఠాలు చెప్పమని ఎవరూ అడగరు. అడిగితే నవ్వుతారు. మెకంజీ కూడా తెలుగు నేర్చుకోలేదు.

సిల్తరాలో ఇవాళ పొద్దున షిఫ్టుకు ఒడిశా, జార్ఖండ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు గేటు దగ్గర వరసలో ఉంటారు. వాళ్లకు ఏ వీసా అక్కర్లేదు, జీతానికి ఏ లక్షల హద్దూ లేదు. కాంట్రాక్టర్ మేస్త్రీ హెల్మెట్ ఇచ్చి, గేట్‌పాస్ మీద వేలిముద్ర వేయించుకుని లోపలికి పంపుతాడు. గోడ మీద భద్రతా సూచనలు హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. సంథాలీ మాత్రమే బాగా వచ్చిన కుర్రాడు వాటిని చదవలేకపోతే పక్కనున్నవాడిని అడుగుతాడు. ఆ పక్కవాడికి అది పనిలో భాగం కాదు, దానికి జీతం లేదు. అయినా ఓ రెండు ముక్కల్లో చెప్పి, కొలిమి వైపు వేలు చూపిస్తాడు.